నల్లగొండ ఎండల్లో రెడ్ వైన్ సీసా కాపాడుకోవడం

నాసిక్ వైపు చిన్న కుటుంబ ద్రాక్షతోటలో తయారైన మంచి రెడ్ వైన్ అయినా, మే నెలలో మన ఇంట్లో వారం రోజులు బయటే ఉంచితే పాడైనట్టే. సజ్జ మీద అసలు పెట్టొద్దు, పగలంతా కాగిన స్లాబు రాత్రి కూడా వేడి దించుతూనే ఉంటుంది. కారు డిక్కీ ఇంకా అన్యాయం.

వైన్‌కు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు కావాలి. అలాంటి గది మనకెక్కడిది? ఫ్రిజ్ కింది అరే దిక్కు. బెండు బిరడా సీసాను పడుకోబెట్టాలి. నిలబెడితే బిరడా ఎండిపోయి గాలి దూరుతుంది. మరమూత అయితే ఎలా పెట్టినా ఫర్వాలేదు.

తాగే ముందు అరగంట, ముప్పావుగంట బయట పెట్టండి. 16 నుంచి 18 డిగ్రీలకు రావాలి. మరీ చల్లగా ఉంటే వగరు ఎక్కువ తగులుతుంది, వేడెక్కితే ఆల్కహాల్ ఘాటే మిగులుతుంది. 'రూమ్ టెంపరేచర్‌లో తాగాలి' అనేది చలిదేశపు గదుల లెక్క, మన 40 డిగ్రీలకు పనికిరాదు.

బిరడా పైకి పొడుచుకొచ్చి, మూతి చుట్టూ జిగురు కనిపిస్తే అనుమానించండి. పళ్ల వాసన బదులు ఉడికిన జామ్ వాసన వస్తే ఎండదెబ్బ ఖాయం. దాన్ని బాగుచేయలేం, మటన్ నానబెట్టడానికి వాడేయండి.

తెరిచాక మిగిలింది చిన్న సీసాలోకి నిండా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నుంచి ఐదు రోజులు నిలుస్తుంది. పులుపు వాసన మొదలైతే వెనిగర్ దారి పట్టిందని అర్థం.