సాక్ష్యం చెప్పిన మరునాడు

తాగుడుకు బానిసైన భర్త, ఓర్పు నశించిన భార్య, వారి మధ్య విశ్వాసం అన్న ఇతివృత్తంతో క్రైస్తవ స్త్రీల కోసం నవల రాసేవారు చాలామంది కథను ఆదివారం ఆరాధనలో ముగిస్తారు. భర్త లేచి దేవుడు తనను మార్చాడని సాక్ష్యం చెబుతాడు, సంఘమంతా హల్లెలూయా అంటుంది, భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. ఆ సాక్ష్యాన్ని మూడో అధ్యాయంలోనే చెప్పించి, అసలు కథను సోమవారం నుంచి నడిపించండి.

సోమవారం అతను స్నానానికి వెళ్లగానే ఆమె చొక్కా జేబులు వెతుకుతుంది, బండి సీటు ఎత్తి చూస్తుంది, అతని నోట వక్కపొడి వాసన వచ్చినా ఉలిక్కిపడుతుంది. జీతం డబ్బు చేతికిస్తే అతని ఎదుటే రెండుసార్లు లెక్కపెడుతుంది. అతను తల వంచుకుని నిలబడతాడు. క్షమించడం వేరు, నమ్మడం వేరు అన్న సంగతి ఈ లెక్కింపులోనే తెలియాలి తప్ప పాత్రల చేత ప్రసంగం చేయించకూడదు.

వైద్య విషయాల్లో మాత్రం పొరపాటు చేయకండి. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగినవాడు హఠాత్తుగా మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది, కొందరికి తొలి రెండు రోజుల్లో మూర్ఛ వస్తుంది, సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి భ్రమించి ప్రాణం మీదికి కూడా రావచ్చు. అంటే మీ కథలో మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు అతన్ని గదిలో కూర్చోబెడితే, సరిగ్గా ప్రమాదకరమైన గడియల్లో కూర్చోబెట్టినట్టే. ప్రార్థన ఆసుపత్రి వరండాలో జరిపించండి. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రను భర్తకు తెలియకుండా పప్పులో కలిపే సన్నివేశం రాస్తే, దాన్ని ఆమె తెలివితేటగా చూపకండి. ఆ మందు పడ్డాక తాగితే వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవడం సంభవిస్తాయి కనుక రోగికి తెలిసే ఇవ్వాలి.

కథ 1990ల నాటిదైతే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయని, రెండోది 1997లో సడలిందని గుర్తుంచుకోండి. దొరక్క మానినవాడికీ మారి మానినవాడికీ తేడా చూపించడానికి ఆ కాలం బాగా పనికొస్తుంది.

స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ, "లోబడి ఉండమ్మా, ప్రభువే మారుస్తాడు" అంటూ బైబిల్లోని ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం చదవడం సహజమే. అయితే మద్యముతో మత్తులు కావద్దన్న మాట అదే అధ్యాయంలో నాలుగు వచనాల ముందే ఉంది. మీ కథానాయికను కోపం లేకుండా, నిదానంగా, దాన్ని పైకి చదవనివ్వండి. అతను చెయ్యి చేసుకునేవాడైతే ఆమె పిల్లలతో పుట్టింటికి వెళ్లడాన్ని విశ్వాసలోపంగా చిత్రించకండి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరే హక్కు కూడా ఆమెకు ఉంది.

ఇక సంభాషణలకు సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలోని అబీగయీలును చూడండి. భర్త నాబాలు మత్తులో ఉన్న రాత్రి ఆమె ఏమీ చెప్పదు, తెల్లవారి మత్తు దిగాకే చెబుతుంది. మీరు కూడా రాత్రి గొడవను నాలుగు వాక్యాల్లో ముగించి, పొద్దున కాఫీ దగ్గర జరిగే మాటలకు పేజీలు కేటాయించండి.

ముగింపుకు నేనైతే ఇలా రాస్తాను: ఆమె ఒకరోజు జేబులు చూడకుండానే అతని చొక్కాను సబ్బునీళ్ల బకెట్‌లో వేస్తుంది, కాసేపటికి తడిసి ముద్దయిన బస్సు టికెట్టు ఒకటి నీళ్ల మీద తేలుతుంది.