వీఈపీ, బేరా పరీక్షల ప్రామాణిక విలువలు: వయసునూ స్త్రీపురుష భేదాన్నీ లెక్కలోకి తీసుకునే పద్ధతి

కంటికి చూపిన నలుపు తెలుపు గళ్లకు (వీఈపీ పరీక్ష), చెవిలో వినిపించిన టిక్కుమనే శబ్దానికి (బేరా పరీక్ష), మణికట్టు నరానికి ఇచ్చిన స్వల్ప విద్యుత్తుకు (చేతి స్పందన పరీక్ష) మెదడు ఎన్ని మిల్లీసెకండ్లలో స్పందిస్తుందో తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లతో నమోదు చేయవచ్చు. ఈ కాలం ఆరోగ్యవంతులలోనూ వయసును బట్టి, స్త్రీపురుషులను బట్టి మారుతుంది. అందువల్ల వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఒక ప్రయోగశాల సొంత ప్రామాణిక విలువలు, అంటే రోగుల ఫలితాలను పోల్చి చూడడానికి ఆరోగ్యవంతుల విలువలు, సిద్ధం చేసుకోదలిస్తే, ముందుగా ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోవాలి.

ఈ పనిలో ఎంపికే అతి కష్టం. సిరిసిల్ల ప్రాంతంలో మరమగ్గాలు నడిపేవారిలో పురుషులు ఎక్కువ, బీడీలు చుట్టేవారిలో స్త్రీలు ఎక్కువ. ఏళ్ల తరబడి మగ్గాల హోరులో ఉన్నవారికి కీచు శబ్దాలు వినిపించడం తగ్గి, బేరాలో శబ్దం తర్వాత వరుసగా నమోదయ్యే తరంగాల్లో ఐదవది ఆలస్యం కావచ్చు. ఎడతెగక వేళ్లు ఆడించే పనిలో మణికట్టు నరం నలిగి చేతి స్పందన మందగించవచ్చు. విచారించకుండా వీరిని చేర్చుకుంటే, వృత్తి తెచ్చిన తేడాను స్త్రీపురుష భేదంగా రాసుకున్నవాళ్లమవుతాం. కాబట్టి ప్రతి ఒక్కరి పనినీ అడిగి తెలుసుకోండి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి, చేతి తిమ్మిర్లు, షుగర్, కంటి శుక్లాలు ఉన్నాయేమో చూడండి. ప్రతి పదేళ్ల వయోవర్గంలోనూ స్త్రీలూ పురుషులూ దాదాపు సమానంగా ఉండాలి.

నమోదు రోజున తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మని ముందే చెప్పాలి. వీఈపీ కోసం ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక బుడిపె దాకా కొలిచి, బుడిపెకు పైన ఆ కొలతలో 10 శాతం దూరంలో ఎలక్ట్రోడు అమర్చాలి. జడ విప్పించి, పాయ తీసి, చర్మాన్ని శుభ్రపరచాలి. ఎలక్ట్రోడు, చర్మం కలిసే చోట విద్యుత్ నిరోధం 5 కిలో ఓమ్‌లు దాటకూడదు. గళ్లు మసకగా కనిపిస్తే పీ100 (వీఈపీలో కొలిచే ప్రధాన తరంగం) ఆలస్యమవుతుంది గనుక కళ్లద్దాలు వాడేవారు వాటితోనే కూర్చోవాలి. పెద్దవయసువారిలో కంటిపాప చిన్నదై లోపలికి చేరే వెలుతురు తగ్గడం వల్ల కూడా అదే జరుగుతుంది. అందుకే పాప వ్యాసాన్ని కొలిచి రాసుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. చుక్కల మందుతో దాన్ని పెద్దది చేయరాదు. ఒక్కొక్క కంటినీ విడిగా, రెండేసి సార్లు పరీక్షించాలి.

చేతి స్పందనకు ఎత్తు, చర్మపు ఉష్ణోగ్రత ముఖ్యం. ఏసీ గదిలో చేయి చల్లబడితే నరం నెమ్మదిస్తుంది. 32 డిగ్రీలకు తగ్గనివ్వకండి.

పీ100 సాధారణంగా 100 మిల్లీసెకండ్ల దగ్గర వస్తుంది. స్త్రీలలో కాస్త ముందుగా, మరింత ఎత్తుగా కనిపిస్తుంది. బేరా ఐదవ తరంగం కూడా స్త్రీలలో సుమారు 0.2 మిల్లీసెకండ్లు ముందుంటుంది. తల పరిమాణం ఇందుకు ఒక కారణం. శరీర ఉష్ణోగ్రత, హార్మోన్ల పాత్రనూ పరిశోధకులు ప్రస్తావిస్తారు కాబట్టి తల చుట్టుకొలతను, నెలసరి దినాన్ని నమోదు చేసుకోవాలి. చేతి స్పందనలో స్త్రీపురుష భేదం మాత్రం ఎత్తును సరిచేశాక చాలావరకు తగ్గిపోతుంది.

ప్రతి వర్గానికీ సగటుకు రెండున్నర ప్రామాణిక విచలనాలు (విలువలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కలిపి పై హద్దు నిర్ణయించండి. పాతికేళ్ల యువతుల హద్దుతో అరవై ఏళ్ల పురుషుణ్ని తూచి, అక్కరలేని ఎమ్మారైకి పంపడం అన్యాయం. ఏ వర్గంలోనైనా మనుషులు చాలనప్పుడు, మరికొందరిని నమోదు చేసేదాకా ఆ వర్గానికి హద్దు ప్రకటించకండి.