నాలుగో పాఠం: కాగితం మీద పొడి, నీడన ఆకు

కిందటి పాఠంలో ఒక పని ఇచ్చాను. వాన వెలిసిన మర్నాడు ఎక్కడైనా ఒక్క పుట్టగొడుగును పట్టుకోండి, కాడ పట్టి పీకకండి, పాత గరిటెతో చుట్టూ మట్టి తవ్వి మొదలుతో సహా పైకి తీయండి అన్నాను. చేసినవాళ్లకు ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పీకితే చేతికొచ్చేది సగం పుట్టగొడుగే. మనకు కావలసిన సాక్ష్యం చాలాసార్లు మట్టిలోనే ఉండిపోతుంది.

చేయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. మృగశిర నుంచి పునర్వసు దాకా రోజులు బోలెడు ఉన్నాయి.

మొదటి పాఠంలో చెప్పిన షరతు మళ్లీ చెబుతున్నాను, విసుక్కోకండి. ఈ పాఠాలు పుట్టగొడుగును గుర్తుపట్టి వదిలేయడానికి. తినడానికి కాదు. తినాలనిపిస్తే బజారులో పాల పుట్టగొడుగులు దొరుకుతాయి, కొనుక్కోండి. రాసినది చదివి, ఫొటో చూసి, ఫోన్లో యాప్ చెప్పింది నమ్మి అడవి పుట్టగొడుగు వండేవాళ్లకు నేను పాఠం చెప్పలేను.

ఈసారి పని రెండు భాగాలు. మొదటిది పొడి ముద్ర తీయడం, రెండోది ఆకుల్ని నీడన ఎండబెట్టడం. రెండూ ఒకే పాఠంలో ఎందుకో చివరికొచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

పొడి ముద్ర

పుట్టగొడుగు టోపీ తిరగేస్తే అడుగున పుస్తకం పేజీల్లా పలుచని రేకులు కనిపిస్తాయి. ఆ రేకుల మధ్య నుంచి సన్నటి పొడి రాలుతుంది. బడి పుస్తకాల్లో సిద్ధబీజాలు అని చదువుకున్నది దాన్నే. ఒక్కొక్కటి కంటికి ఆనదు గాని లక్షల్లో ఒకచోట పడితే రంగు తెలుస్తుంది. టోపీ రంగు వానకు, ఎండకు, వయసుకు మారిపోతుంది. ఈ పొడి రంగు అంత తేలిగ్గా మారదు.

తీసే పద్ధతి సులువు. బాగా విచ్చుకున్న టోపీ తీసుకుని కాడను టోపీకి ఆనించి కోసేయండి. సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద రేకుల వైపు కిందికి ఉండేలా బోర్లించండి. తెల్ల కాగితం ఒక్కటే వాడితే తెల్లపొడి కనిపించదు, అందుకే నలుపు. టోపీ నెత్తిన ఒక్క నీటిచుక్క వేసి, పైన గాజు గ్లాసు మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. ఫ్యాన్ కింద పెట్టొద్దు. పొద్దున గ్లాసు తీసి టోపీ మెల్లగా లేపితే కాగితం మీద సూర్యుడి కిరణాల్లా ముద్ర పడి ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరో రంగుపొడితో ముగ్గేశారేమో అనుకున్నాను.

పట్టుకుంటే విషం ఎక్కదు, కడుపులోకి పోతేనే. అయినా ఆ చాకు వంటింట్లోకి తేవద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు అందనిచోట పెట్టండి.

ఇప్పుడు రంగు చూద్దాం.

ఊళ్లలో పార్కుల గడ్డిలో, అపార్ట్‌మెంట్ల లాన్లలో వాన పడగానే అరచేయంత తెల్లటి గొడుగులు లేస్తాయి. నెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం. చూడటానికి ఎంతో శుభ్రంగా, తినమన్నట్టు ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు అడుగు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాక పచ్చబూడిద రంగుకు తిరుగుతాయి. దీని పొడి ముద్ర ఆకుపచ్చ. పొడి ఇలా పచ్చగా పడే పుట్టగొడుగులు చాలా అరుదు కాబట్టి దీన్ని పట్టుకోవడం తేలిక. శాస్త్రవేత్తలు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అంటారు. తిన్నవాళ్లకు గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మామూలుగా ప్రాణం పోదు గాని, పిల్లలు, పెద్దవాళ్లు ఒంట్లో నీరు పోయి ప్రమాదంలో పడతారు. మీ మొదటి ముద్ర దీనిదే అయ్యే అవకాశం బాగా ఉంది, ఎందుకంటే ఇంటికి దగ్గరలో దొరికేది ఇదే.

తెల్లపొడి పడితే జాగ్రత్త పెంచాలి. అమానిటా అనే పుట్టగొడుగుల జాతి అంతా తెల్లపొడే. ప్రపంచంలో పుట్టగొడుగులు తిని చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని బలిగొన్నది ఈ జాతే. గుర్తులు మూడు కలిసి చూడండి: తెల్లపొడి, కాడ మీద పావడాలాంటి ఉంగరం, కాడ మొదట్లో గుడ్డు పెంకు పగిలినట్టుండే సంచి. ఆ సంచే మట్టిలో ఉండిపోయేది. మొదలుతో తవ్వమన్నది దానికోసమే. ఈ జాతి చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతుంది, కాబట్టి చెట్ల నీడన చూస్తాం.

గులాబీ పొడి దగ్గర మన తెలుగువాళ్లు ఆగి వినాలి. మనం ఇష్టంగా తినే పుట్టకొక్కులది గులాబీ పొడే. చెదపుట్ట మీద, లేదా పుట్ట భూమిలోపల దాగిన చోట మొదటి వానలకు లేస్తాయి. చెదపురుగులు నేలలో పెంచుకునే తోట నుంచి వస్తాయి గనుక కాడ కిందికి వేరులా సాగి జానెడు, ఒక్కోసారి మూరెడు పోతుంది. టోపీ నడుమ మొనదేలిన బుడిపె ఉంటుంది, మట్టిని చీల్చుకుని రావడానికి. పాడేరు, అరకు వైపు సంతల్లో ఆకుల్లో పెట్టి అమ్మే ఆడవాళ్ల చేతుల్లో ఇవి చూశాను. వాళ్లు ఏ పుట్ట మీద ఏ కార్తెలో లేస్తుందో అమ్మానాన్నల వెంట తిరిగి నేర్చుకున్నారు. అది మన నాలుగు పాఠాలతో వచ్చే చదువు కాదు.

గులాబీ పడింది, ఇక తినేయొచ్చు అని ఎవరో అనుకుంటారని నా భయం. ఎంటోలోమా అని మరో జాతి ఉంది, దాని పొడీ గులాబీయే, అందులో విషపువీ ఉన్నాయి. ఉంగరం ఉంటే విషం, లేకపోతే మంచిది అన్న సూత్రమూ నిలవదు. పుట్టకొక్కుల్లోనే ఉంగరం ఉన్న రకం ఉంది. పొడి రంగు చేసే పని ఒక్కటే, కొన్ని అనుమానాలను తీసేయడం. మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడం దాని పని కాదు.

ఇంకో పోలిక చెప్పి ముందుకు పోతాను. ఇది విదేశాల్లో ఉన్న మనవాళ్లకు. వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగు లేతగా గుడ్డులా ఉన్నప్పుడు దానికీ అడుగున సంచి ఉంటుంది. అచ్చం అలాగే ఉండే డెత్ క్యాప్ అనే అమానిటా కాలిఫోర్నియాలో, కాన్‌బెర్రాలో, మెల్‌బోర్న్‌లో ఓక్ చెట్ల కింద లేస్తుంది. ఆగ్నేయాసియా నుంచి వెళ్లినవాళ్లు సొంతూరి పుట్టగొడుగే అనుకుని వండుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊరు మారితే కంటికి తెలిసిన గుర్తులు అబద్ధమాడతాయి.

పనికిరాని పరీక్షలు

వెండి చెంచా నల్లబడుతుందా, వెల్లుల్లి రంగు మారుతుందా, పురుగు కొరికిందా, తొక్క ఊడుతుందా. ఇవన్నీ మా ఇంట్లోనూ చెప్పేవాళ్లు. ఒక్కటీ నిజం కాదు. పురుగులు, నత్తలు అమానిటాను హాయిగా తింటాయి, వాటికేం కాదు. వెండికి ఈ విషంతో పనే లేదు.

వీటన్నిటికంటే చెడ్డ నమ్మకం మరొకటి: బాగా ఉడికిస్తే, ఎండబెడితే విషం చచ్చిపోతుందని. అమానిటాలోని అమాటాక్సిన్ వేడికి చెదరదు. ఎండబెడితే నీరు పోతుంది, విషం అలాగే ఉంటుంది. కిలోలో ఉన్నది చారెడులోకి చేరుతుంది, అంతే. 2023లో ఆస్ట్రేలియాలోని లియోన్‌గాథా అనే ఊళ్లో ఒక మధ్యాహ్న భోజనంలో డెత్ క్యాప్ తిని ముగ్గురు చనిపోయారు, కోర్టు దాన్ని హత్యగా తేల్చింది. ఆ కేసులో సాక్ష్యంగా వచ్చిన వస్తువుల్లో ఆహారం ఎండబెట్టే యంత్రం ఒకటి.

ఆ విషం పనిచేసే తీరు తెలిసి ఉండాలి. తిన్న ఆరు గంటల నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. మర్నాటికి తగ్గినట్టు ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. లోపల కాలేయ కణాలు ప్రొటీన్లు తయారుచేసుకోలేక చచ్చిపోతూ ఉంటాయి. మూడో రోజుకో నాలుగో రోజుకో కామెర్లు బయటపడతాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో పుట్టగొడుగులు తిన్నవాళ్లలో 13 మంది చనిపోయారు, ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు.

అందుకే అనుమానం వస్తే వాంతి కోసం చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మిగిలిన ముక్క, అది కూర అయినా సరే, వెంట తీసుకెళ్లండి. పచ్చి పుట్టగొడుగైతే కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో కుళ్లిపోతుంది. ఎన్ని గంటలకు తిన్నారో చీటీ మీద రాయండి. డాక్టరు మొదట అడిగేది అదే.

ఇక ఆకులు

రెండో భాగానికి భయం అక్కర్లేదు. పుదీనా, కరివేపాకు, మునగాకు, మెంతికూర, తులసి. వీటిలో ఏదో ఒక్కటే తీసుకోండి. కొత్తవాళ్లకు నా సలహా పుదీనా, తప్పు చేస్తే వెంటనే తెలిసిపోతుంది. వాము ఆకుతో మొదలుపెట్టకండి, ఆ దళసరి ఆకు లోపలి నీరు ఓ పట్టాన పోదు.

ఇందాకటి మాటే ఇక్కడా: ఎండితే పోయేది నీరు. మంచి ఆకైతే మంచి అలాగే ఉంటుంది, పుచ్చు ఆకైతే పుచ్చు అలాగే ఉంటుంది. కాబట్టి ఏరడం దగ్గరే సగం పని. పచ్చగా ఉన్నప్పుడే గుర్తుపట్టాలి. ఎండి నలిగాక మునగాకుకీ మరో ఆకుకీ తేడా చెప్పడం నాకూ కష్టమే. పొలం గట్టున కోసిన ఆకుల్లో ఉమ్మెత్త ఒక్క రెమ్మ కలిస్తే పొడి చేశాక ఎవరూ పట్టుకోలేరు.

పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. పుదీనా, తులసి అయితే పూత రాకముందు వాసన బాగుంటుంది. కడిగి, దులిపి, పాత నూలు చీర మీద ఒక్క వరసలో పరవండి. ఆకు మీద ఆకు పడకూడదు. గదిలో, నీడన, ఫ్యాన్ కింద. మేడమీద ఎండలో పెడితే త్వరగా ఎండుతుంది నిజమే, కానీ రంగు వెలిసిపోతుంది, వాసన నూనె ఆవిరైపోతుంది, మునగాకులో మనం కోరుకునే విటమిన్ ఎ కూడా తగ్గిపోతుంది. మిరపకాయలకు ఎండ, ఆకులకు నీడ.

కట్టలు కట్టి వేలాడదీసేవాళ్లు దారం వాడకండి. కాడలు ఎండి సన్నబడగానే కట్ట వదులై రాలిపోతుంది. రబ్బరు బ్యాండ్ వేయండి, కట్టకు ఎనిమిది పది కాడలు మించకుండా.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆకు గలగలమనడం చాలదు. కాడ విరిస్తే టప్పున విరగాలి, వంగకూడదు. ఇంకా నమ్మకం కావాలంటే వంటింటి తూకం ఉంది కదా, తూచండి. మరో రెండు గంటలు ఉంచి మళ్లీ తూచండి. తగ్గకపోతే ఎండినట్టే. కిలో మునగాకు ఎండాక పావుకిలో దాకా, ఒక్కోసారి ఇంకా తక్కువ వస్తుంది.

కోస్తా ఊళ్లలో వానాకాలం గాలే తడిగా ఉంటుంది, రెండు రోజులైనా ఆకు మెత్తగానే ఉంటుంది. అలాంటప్పుడు ఓవెన్ ఉన్నవాళ్లు అన్నిటికంటే తక్కువ వేడి పెట్టి తలుపు కాస్త తెరిచి ఉంచండి. 40 డిగ్రీలు దాటితే వాసన పోవడం మొదలవుతుంది. ఓవెన్ లేకపోతే వానలు తగ్గేదాకా ఆగండి, తప్పేం లేదు.

గాజు సీసాలో నింపాక వారం రోజులు రోజూ చూడండి. లోపలి గాజుకు తేమ పట్టిందంటే వెంటనే బయటకు తీసి మళ్లీ ఆరబెట్టాలి. నేను ఒకసారి ఈ వారం దాటవేశాను. పుదీనా చక్కగా ఎండిందనుకుని సీసా అలమారలో పెట్టాను. నెల తర్వాత మూత తీస్తే ముక్కు పుటాలకు తడి గోడ వాసన తగిలింది, ఆకుల మధ్య తెల్లటి నూలు పోగులు కనిపించాయి. బూజు. పైది తీసేసి అడుగుది వాడుకుందామని మా అత్తగారు అన్నారు, నేను ఒప్పుకోలేదు, సీసా మొత్తం పారబోశాం. బూజు పోగులు కంటికి కనిపించినంత మేరే ఉండవు, కొన్ని బూజులు విడిచే విషం వేయించినా పోదు.

ఆ బూజు, కాగితం మీద పొడి రాల్చిన పుట్టగొడుగు రెండూ శిలీంధ్రాలే. ఒకదాన్ని వెతుక్కుంటూ వానలో పోతాం, రెండోది మనల్ని వెతుక్కుంటూ సీసాలోకి వస్తుంది. రెండింటికీ కావలసింది తేమే.

ఇంటిపని

ఒక పొడి ముద్ర తీసి నోటుబుక్కులో తేదీ, చోటు, దగ్గరలో ఉన్న చెట్టు పేరు రాయండి. ముద్ర చెరిగిపోకుండా పైన సెల్లో టేపు అంటించండి. పుట్టగొడుగు పేరు రాయాల్సిన చోట ఖాళీ వదలండి, పేరు పెట్టే తొందర వద్దు.

పుదీనా 100 గ్రాములు తూచి ఎండబెట్టండి, ఎండాక ఎంత వచ్చిందో రాయండి. సీసా మీద చీటీ అంటించే ముందు ఒక పచ్చి రెమ్మను పాత పేపరు మడతలో పెట్టి పైన బరువు ఉంచండి. అయిదో పాఠానికి ఆ రెమ్మతోనే పని.