బీఎల్ సీరియళ్ల మీద డాక్యుమెంటరీ: హైదరాబాద్‌లో ఉండే తీయొచ్చు

థాయ్ బీఎల్ డ్రామాల (బాయ్స్ లవ్, అంటే ఇద్దరబ్బాయిల ప్రేమకథల సీరియళ్ల) మీద డాక్యుమెంటరీ అనగానే చాలామంది బ్యాంకాక్ ఫ్లైట్ రేట్లు చూసి అక్కడితో ఊరుకుంటారు. అంత అక్కర్లేదు. ఆ పరిశ్రమ నడిచేదే చూసేవాళ్ల మీద, ఆ చూసేవాళ్లు మన కూకట్‌పల్లి హాస్టళ్లలోనూ ఉన్నారు. నేనూ నా ఫ్రెండూ ఫోన్‌తోనే ఇరవై నిమిషాలది ఒకటి తీశాం. అందులో మేం తిన్న దెబ్బలు మీరు తినకూడదని ఇది రాస్తున్నా.

ముందు దేని గురించి తీస్తున్నారో తేల్చుకోండి. ఇద్దరబ్బాయిల ప్రేమకథ, భలే క్యూట్ అని తీస్తే అది ఫ్యాన్ ఎడిట్ అవుతుంది. డబ్బు వెంట పోండి. వీటి మూలాలు 1970ల్లో జపాన్‌లో ఆడవాళ్లు అమ్మాయిల కోసం గీసిన మాంగాల్లో, అంటే జపనీస్ కామిక్స్‌లో ఉన్నాయి. థాయ్‌లాండ్‌లో వీటిని 'వై సిరీస్' అంటారు, యావోయి అనే జపనీస్ మాటలోని మొదటి ఇంగ్లిష్ అక్షరం పట్టుకుని. 2014లో లవ్ సిక్, 2016లో సోటస్ అనే సిరీస్‌లు వచ్చాయి, 2020లో జనమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉన్నప్పుడు టుగెదర్ అనే సిరీస్ దేశాలు దాటేసింది. చాలా సిరీస్‌లు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. మరి డబ్బులెక్కడివి? సీన్ మధ్యలో హీరో ఏ ఫేస్‌వాష్ ట్యూబో పేరు కనపడేలా తిప్పి పట్టుకుంటాడు చూడండి, కొంత అక్కడిది. ఫ్యాన్ మీటింగ్ టికెట్లు, ఫోటోకార్డులు, ఇద్దర్నీ కలిపి తీసుకునే యాడ్లు, ఇంకొంత వీటిది.

ఆ 'ఇద్దర్నీ కలిపి' అన్నదే అసలు పాయింట్. సిరీస్ అయిపోయినా ఆ జంట స్టేజీల మీద జంటగానే కనిపించాలి. ఇలాంటి ఊహాజోడీని థాయ్‌లో 'ఖూ జిన్' అంటారు. మనవాళ్లకి ఇది అర్థం చేయించడానికి పాఠం చెప్పక్కర్లేదు, మన టీవీ కామెడీ షోల్లో ఏళ్ల తరబడి లాగే లవ్ ట్రాకులు, పండగ స్పెషల్‌లో జరిగే ఉత్తుత్తి పెళ్లిళ్లు గుర్తు చేస్తే చాలు. ఫ్యాన్స్‌ని ఇది అడగండి: ఆ నటుడు బయట ఇంకొకరితో తిరుగుతున్నాడని తెలిస్తే నీకెలా ఉంటుంది? మా దగ్గర ఒకమ్మాయి పావు నిమిషం ఏం మాట్లాడకుండా కూర్చుంది, ఆ మౌనాన్ని మేం కట్ చేయలేదు.

తేదీల దగ్గర జాగ్రత్త. థాయ్‌లాండ్‌లో స్వలింగ వివాహాల చట్టం అమల్లోకి వచ్చింది 2025 జనవరి 23న, సిరీస్‌ల తర్వాత వచ్చింది కదా అని ఈ సిరీస్‌లే చట్టం తెచ్చాయని వాయిస్ ఓవర్‌లో ఊదరగొట్టకండి, దాని వెనక ఏళ్ల పోరాటం ఉంది. ఇక్కడ 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే సెక్షన్ 377 కోరలు తీసింది కానీ 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. మీ కెమెరా ముందు కూర్చునే మనిషి ఈ రెంటి మధ్య బతుకుతున్నాడు.

అందుకే ముఖం బ్లర్ చేస్తే పనైపోయిందనుకోకండి. ఒకబ్బాయిని వాళ్లింట్లోనే తీశాం, ముఖం కనపడదు, గొంతు కూడా మార్చాం, ఎడిటింగ్‌లో చూస్తే వెనక గోడ మీద వాళ్ల వీధి కిరాణా కొట్టు క్యాలెండర్, కొట్టు పేరు, ఏరియా, ఫోన్ నంబర్‌తో సహా చక్కగా ఫోకస్‌లో ఉంది! మొత్తం మళ్లీ తీశాం, ఈసారి ఖాళీ గోడ ముందు. పేరు వాడాలా, ముఖం చూపాలా, ఇంట్లోవాళ్లు చూస్తే ఫర్వాలేదా అని మూడూ విడివిడిగా అడిగి రాయించుకోండి, ఫైనల్ కట్ ముందు వాళ్లకే చూపించండి.

సౌండ్‌కి కోఠి గుజరాతీ గల్లీలో ఒక కాలర్ మైక్ కొనుక్కోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, చెమటలు పట్టినా సరే.

సిరీస్ క్లిప్పులు తక్కువ వాడండి. విమర్శ కోసం కొంత వాడుకోవడానికి మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ఒప్పుకుంటుంది కానీ యూట్యూబ్ మెషిన్‌కి సెక్షన్లు తెలియవు, పాట వినపడగానే పట్టేస్తుంది. క్లిప్ వేసిన ప్రతిచోటా దాని మీద మీ మాట నడుస్తుండాలి.

చివరగా తెలుగు సబ్‌టైటిల్స్. థాయ్‌లో పెద్దవాళ్లని 'పీ' అంటారు, అన్నకీ అదే, అక్కకీ అదే, సీనియర్‌కీ అదే, వయసులో పెద్దయిన ప్రేమికుడికీ అదే. దాన్ని 'అన్నా' అని రాసి ముద్దు సీన్ కింద వేశామనుకోండి, హాల్లో నవ్వులే. 'బావా' అని పెడదామని మా ఫ్రెండ్ గట్టిగా పట్టుబట్టాడు. చివరికి 'పీ' అనే ఉంచేసి, మొదటిసారి వచ్చినప్పుడు తెర మీద ఒక్క లైన్‌లో అర్థం రాశాం.