ఫారిన్ కామెడీ డబ్బా కొనేముందు ఒక టీవీ మెకానిక్ మాట

పాత ఇంగ్లీషు కామెడీ సీరియళ్ల డిస్కుల సెట్టు బయటిదేశం నుంచి తెప్పించుకోవాలనుకునేవాళ్లు ముందు ధర చూస్తారు. అది తర్వాత. మొదట తేల్చుకోవాల్సినవి రెండు: ఆ సీరియల్ ఏ దేశంలో తీశారు, ఫిల్మ్ మీద తీశారా, వీడియో టేపు మీద తీశారా. ఇవి తెలిస్తే ఏ దేశపు సెట్టు కొనాలో, డీవీడీతో సరిపెట్టుకోవాలో, బ్లూరేకి డబ్బు పెట్టాలో దాదాపు తేలిపోయినట్టే. గుంటూరులో నాది టీవీలు, ప్లేయర్లు బాగుచేసే షాపు. ఇలాంటి డబ్బాలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లని చాలామందిని చూశాను. తరచి చూస్తే ప్లేయరూ బాగానే ఉంటుంది, డిస్కూ బాగానే ఉంటుంది. వాటికి వాటికి పడదు, అంతే.

ఒక మంత్రి, ఆయన ఆఫీసర్ల మీద తీసిన బ్రిటిష్ కామెడీ 'యస్ మినిస్టర్' సంగతే తీసుకుందాం. మన దేశంలో దీనికి అభిమానులు ఎక్కువ. 2001లో స్టార్ ప్లస్ వాళ్లు ఫారూఖ్ షేక్‌తో 'జీ మంత్రీజీ' అని హిందీలో కూడా తీశారు. అసలు సీరియల్‌ని బీబీసీ వాళ్లు స్టూడియోలో వీడియో టేపు మీద తీశారు. టీవీ బొమ్మని పంపడంలో బ్రిటన్‌ది మనలాగే పాల్ అనే పద్ధతి. 625 గీతలు, సెకనుకి 50 ఫీల్డులు (ఫీల్డు అంటే సగం బొమ్మ). బ్రిటన్ సెట్టు కొంటే తీసింది తీసినట్టు కనిపిస్తుంది. అమెరికాలో అమ్మే సెట్టయితే అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, అంటే 525 గీతలు, 60 ఫీల్డులు. లేని ఆ పది ఫీల్డుల్ని మెషీను పక్కపక్క బొమ్మలు కలిపి తయారుచేస్తుంది. అందులో పెద్ద ఆఫీసరు సర్ హంఫ్రీ కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ మీకేమీ తేడా తెలియదు. లేచి తలుపు వైపు నడిచినప్పుడు చూడండి, కోటు అంచు వెంట ఇంకో కోటు నీడలా జారుతూ ఉంటుంది. ఒకసారి కంటపడిందా, ఇక మంత్రిగారు ఏమన్నారో వినపడదు, ఆ నీడే కనిపిస్తుంది.

'ఐ లవ్ లూసీ'కి సరిగ్గా దీనికి తిరగేసిన లెక్క. 1951లో హాలీవుడ్‌లో ప్రేక్షకుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు కెమెరాలతో 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్, జర్మనీలో మూకీల కాలం నుంచి పనిచేసిన చెయ్యి. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు. పాల్ డిస్కులోకి ఎక్కించేటప్పుడు మామూలుగా దాన్ని 25 మీద నడిపిస్తారు. ఒక్క సీను కూడా కొయ్యకుండానే 25 నిమిషాల ఎపిసోడ్‌లో ఒక నిమిషం మాయమవుతుంది. గొంతులు కూడా కాస్త పైకి లేస్తాయి. లూసీ ఏడుపు అసలే కీచుగా ఉంటుంది, దానికి ఇంకో మెట్టు అక్కర్లేదు. కాబట్టి అమెరికా ఫిల్మ్ కామెడీ అమెరికా నుంచే, బ్రిటిష్ టేపు కామెడీ బ్రిటన్ నుంచే.

బ్రిటన్‌లో మనవాళ్లెవరూ లేకపోతే ఆస్ట్రేలియా చూడండి, అక్కడా పాలే. బ్రిటిష్ కామెడీ విషయంలో న్యూజెర్సీ తమ్ముడికంటే మెల్‌బోర్న్ చెల్లెలు ఎక్కువ పనికొస్తుంది.

బ్లూరే కొనాలా అని అడిగితే మళ్లీ అదే ప్రశ్న, ఫిల్మా టేపా? 'ఐ లవ్ లూసీ', 1961–66లో వచ్చిన 'ది డిక్ వాన్ డైక్ షో' లాంటివి 35 ఎంఎం నెగటివ్. అందులో దాగిన వివరం డీవీడీలో పట్టదు, బ్లూరేలో చొక్కా గళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. డబ్బు పెట్టండి. టేపు మీద తీసినదానికి ఉన్నవే అన్ని గీతలు. దాన్ని బ్లూరే చేస్తే కొంచెం శుభ్రంగా ఉండొచ్చు గానీ, లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక రీజియన్, అంటే ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయర్లో ఆడకుండా వేసిన తాళం. మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. "ఏమయ్యా, మావాడు డాలస్ నుంచి పంపాడు, పెడితే ఏదో భూగోళం బొమ్మ వచ్చి ఆగిపోతోంది. ప్లేయరు పోయిందా?" అన్నారు. "ప్లేయరు బాగానే ఉందండీ మాస్టారూ. డబ్బా వెనక చూడండి, అదే భూగోళంలో 1 అని ఉంది. మన దేశం 5" అని చెప్పాను. అమెరికా 1, బ్రిటన్ 2, ఆస్ట్రేలియా 4. డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి ఈ తాళం రిమోట్ మీద నాలుగు నంబర్లు నొక్కితే ఊడిపోతుంది. మోడల్ నంబరు తెలిస్తే ఏ మెకానిక్ అయినా చేసిపెడతాడు, ఆయనది టీ తాగేలోపు అయిపోయింది. బ్లూరే తాళం అంత తేలిక కాదు. అమెరికా ఎ, బ్రిటన్, ఆస్ట్రేలియా బి, మనం సి. చాలా ప్లేయర్లలో లోపల బోర్డు మార్చాల్సిందే. అందుకే డబ్బాకంటే ముందు ప్లేయరు సంగతి తేల్చుకోండి. కంప్యూటర్ డ్రైవులో పెట్టి చూద్దామనుకుంటే, రీజియన్ ఐదుసార్లే మార్చుకోనిస్తుంది, ఆ తర్వాత చివరిదాని మీదే బిగుసుకుపోతుంది. ప్లేయరు కూడా అమెరికా నుంచి తెప్పిస్తుంటే వెనక 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడమనండి. 120 ఒక్కటే ఉంటే మన కరెంటుకి పొగే.

అట్ట మీద 'కంప్లీట్' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఎపిసోడ్లు లెక్కపెట్టండి. 'యస్ మినిస్టర్' 21, 1984 క్రిస్మస్‌కి వచ్చిన గంట నిడివి 'పార్టీ గేమ్స్' ఒకటి, 'యస్ ప్రైమ్ మినిస్టర్' 16, మొత్తం 38. మంత్రి హ్యాకర్ ప్రధాని అయ్యేది ఆ 'పార్టీ గేమ్స్'లోనే. అది లేకపోతే కథ మధ్యలో మెట్టు ఊడినట్టే.

ఇంకో బీబీసీ కామెడీ 'డాడ్స్ ఆర్మీ' దగ్గర మాత్రం కంగారుపడొద్దు. 1968–77 మధ్య వచ్చిన ఎపిసోడ్లు 80. అప్పట్లో బీబీసీ టేపులు చెరిపి మళ్లీ వాడేది. రెండో సిరీస్‌లో మూడు ఇప్పటికీ దొరకలేదు. 77 ఉంటే అమ్మినవాడు మోసం చేయలేదన్నమాట. ఇందులో నా వృత్తికి ముచ్చటేసే సంగతి ఒకటుంది. 'రూమ్ ఎట్ ది బాటమ్' అనే కలర్ ఎపిసోడ్ నలుపు తెలుపు ఫిల్మ్ కాపీగానే మిగిలింది. కానీ ఆ ఫిల్మ్ మీద కలర్ సిగ్నల్ సన్నని చుక్కలుగా అచ్చుపడి ఉంది. ఆ చుక్కలు చదివి రంగులు వెనక్కి తెచ్చి 2008లో ప్రసారం చేశారు. అంతకుముందు అచ్చయిన సెట్టులో అది నలుపు తెలుపే.

పాటల హక్కులది ఇంకో తలనొప్పి. 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి' రేడియో స్టేషన్ కథ, వెనక అసలైన రాక్ పాటలు మోగుతుంటాయి. 2007లో వచ్చిన మొదటి సీజన్ డీవీడీలో వాటిలో చాలావాటిని తీసేసి వేరే సంగీతం పెట్టారు. 2014లో షౌట్ ఫ్యాక్టరీ తెచ్చిన పూర్తి సెట్టులో చాలా పాటలు తిరిగొచ్చాయి. కాబట్టి పేరొక్కటే కాదు, ఏ కంపెనీ, ఏ ఏడాది అన్నదీ అడగండి.

సబ్‌టైటిల్స్ గురించి అమ్మేవాళ్లెవరూ చెప్పరు. మనకి ఆ యాసలు అందాలంటే అవి ఉండాల్సిందే. అట్ట మీద 'ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్' అని ఉంటే దిగులు లేదు. పాత అమెరికా సెట్లలో కొన్నిటికి 'సీసీ' (క్లోజ్డ్ క్యాప్షన్స్) అన్న గుర్తు మాత్రమే ఉంటుంది. ఆ మాటలు పాత టీవీ సిగ్నల్ గీతలో దాక్కుని వస్తాయి, హెచ్‌డీఎంఐ తీగలోంచి రావు.

పన్ను లెక్క ముందే వేసుకోండి. మన కస్టమ్స్ డబ్బా ధర ఒక్కదాని మీదే కాదు, పోస్టేజీ, ఇన్సూరెన్సు కలిపి వేస్తుంది. డబ్బా 2,500, రవాణా 1,500 అయితే పన్ను లెక్కకట్టేది మొత్తం 4,000 మీద. కొరియర్ వాళ్ల చార్జీ వేరే. బ్రిటన్ షాపు నుంచి నేరుగా తెప్పిస్తే అక్కడి 20 శాతం వ్యాట్ తీసేస్తారా అని అడగండి, చాలా షాపులు తీసేస్తాయి.

డబ్బా చేతికి రాగానే సీలు విప్పకుండా చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. గలగలమంటే లోపల డిస్కుని పట్టుకునే పళ్లు విరిగాయి, డిస్కు గీసుకుపోతూ వచ్చింది. సీలు విప్పేది కూడా ఫోన్‌లో వీడియో తీస్తూ విప్పండి, వాపసు పంపాలంటే అదే సాక్ష్యం. డిస్కు అడుగు వెండిలా కాకుండా ఊదా రంగు కొడుతుంటే అది ఇంట్లో రాసిన కాపీ, డబ్బు వెనక్కి అడగండి. అసలు డిస్కుకి మధ్య కన్నం చుట్టూ అద్దంలాంటి పట్టీ మీద సన్నగా ఐఎఫ్‌పీఐ అని కోడ్ ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో వార్నర్ సెట్లు కొనేవాళ్లు తయారైన ఏడాది కూడా చూసుకోవాలి. 2006–2008 మధ్య వచ్చిన వాటిలో కొన్ని డిస్కులు లోపలే పాడవుతున్నాయి.

వాపసు గడువు దాటకముందే ప్రతి డిస్కూ పెట్టి చూడండి. మొదటి ఎపిసోడ్ రెండు నిమిషాలు చూసి బాగుందనుకుంటే చాలదు. రెండు పొరల డీవీడీలో లేజర్ లోపలి నుంచి అంచుదాకా వెళ్లి, రెండో పొర మీద మళ్లీ లోపలికి వస్తుంది. వేలిముద్రలు, గీతలు ఎక్కువగా ఉండేది అంచునే, అక్కడ ఉండేవి డిస్కు నడిమి ఎపిసోడ్లు. ఆరు ఎపిసోడ్లుంటే మూడోదాని చివర, నాలుగోదాని మొదలు పెట్టి చూడండి. అక్కడ గళ్లుగళ్లుగా విరగకుండా నడిస్తే ఆ డిస్కు పక్కన పెట్టి ఇంకోటి తీయండి.