ఆర్డర్ల రద్దీ మొదలయ్యేలోపు: చేతిలో బరువుతో నడుం తిప్పనివ్వకండి

ఈమధ్య ఒక ప్యాకింగ్ లైన్‌లో 12 కిలోల పెట్టె ఎత్తి పక్కకు తిరుగుతూనే ఒకతను నడుం పట్టుకుని కూలబడ్డాడు. ‘పన్నెండు కిలోలకేనా’ అన్నారు అందరూ. పాదాలు కదలకుండా, చేతిలో బరువుతో నడుం తిప్పడమే అతన్ని ముంచింది.

లెక్క చూడండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలిస్తే పరిమితి 23 కిలోలు. అంటే పెట్టె చీలమండలకు 25 సెంటీమీటర్ల దూరంలో, నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో, ఎదురుగా ఉండాలి. పట్టు బాగుండాలి, అడపాదడపా మాత్రమే ఎత్తాలి. దూరం 50 అయితే పరిమితి సగానికి, 11.5కి పడిపోతుంది. దానికితోడు 90 డిగ్రీలు పక్కకు తిరిగితే 8 చిల్లర. అదే పెట్టె నేలమీద ఉంటే 6 కిలోల పైచిలుకే. అలా ఎత్తితే 12 కిలోలు పరిమితికి దాదాపు రెట్టింపు బరువన్నమాట.

టార్గెట్ పెరగగానే, అడుగు కలిసొస్తుందని ప్యాలెట్‌ను (పెట్టెలు పేర్చే చెక్క పలక) కన్వేయర్ (సరుకు కదిలే బెల్టు) పక్కకు జరుపుతారు. మధ్యలో ఇరుక్కున్న మనిషికి కాలు కదిపే చోటుండదు, నడుం తిప్పుతాడు. కనీసం మీటరు ఖాళీ వదలండి, అడుగు వేయక తప్పదు. మిగిల్చిన ఆ సెకన్లన్నీ అలవాటున్న మనిషి వారం సెలవు పెడితే, కొత్త చేతుల్లో వచ్చే రిజెక్టులు, రీవర్క్‌తోనే హరించుకుపోతాయి.

బల్ల ఎత్తు: సన్నని పనికి మోచేతికన్నా 5 సెంటీమీటర్లు పైన, తేలిక అసెంబ్లీకి 5–10 కింద, బలం పెట్టే పనికి 20–40 కింద. పొడగరికి సరిపడా బల్ల అమర్చి, పొట్టివారి కాళ్లకింద ప్లాట్‌ఫాం వేయండి.

ఇక మిగతావి.
- బెల్టు ఇచ్చి బరువు పెంచకండి. నడుం బెల్టు గాయాన్ని ఆపుతుందనడానికి తగిన ఆధారాల్లేవని నియోష్ 1994లోనే చెప్పింది.
- పెట్టెలు నేలమీద దించొద్దు. సిజర్ లిఫ్ట్ (ఎత్తు మార్చుకునే బల్ల) లేకపోతే విరగని ఖాళీ ప్యాలెట్లు కింద పేర్చండి.
- ప్యాలెట్ చుట్టూ తిరిగే దారి ఉంచండి. అవతలి వరుసకు చేతులు చాపనివ్వకండి.
- బల్లమీద కిందికి బిగించే స్క్రూలకు పిస్టల్ పట్టు టూల్ వద్దు, నిటారుది ఇవ్వండి. లేదంటే మణికట్టు వంగిపోతుంది.
- రొటేషన్ పేరుతో ఒక ఎత్తే పని నుంచి ఇంకో ఎత్తే పనికి పంపకండి.
- తిమ్మిరి అన్న రోజే పని మార్చండి.
- ఓవర్‌టైమ్‌లో లైన్ వేగం పెంచొద్దు.
- బరువుతో నడుం తిప్పొద్దు. కాలి బొటనవేళ్లు ఎటుంటే పెట్టె అటే.
- షిఫ్టు చివరి గంటలో సూపర్‌వైజరే వెళ్లి పాదాలు గమనించాలి. కదలడం లేదంటే ప్యాలెట్ అప్పటికప్పుడే వెనక్కి జరిపించాలి.