వంశధార కాలవల వెంట ఒక రోజు తిరగడం ఎలా?

ముందు నెల చూసుకోండి, ఆ తర్వాతే బండి తీయండి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఏటి కాలవలు కళకళలాడేది ఖరీఫ్‌లోనే. ఒకసారి ఏప్రిల్‌లో చుట్టాల్ని తీసుకెళ్తే కాలవ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు! ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా వెళ్తే నీళ్లూ ఉంటాయి, పక్కన వరీ ఉంటుంది. కాకపోతే తుపాన్లు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే. వాయుగుండం అన్న మాట వినబడితే ప్రయాణం మానేయండి.

రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగాలి. పేరు అలా ఉన్నా అది ఆమదాలవలసలో ఉంది. మనకు అదే మంచిది. పొద్దున్నే టిఫిన్ చేసి సరుబుజ్జిలి మీదుగా హిరమండలం వెళ్లిపోండి. ఆ పక్కనే గొట్టా బ్యారేజీ. ఒడిశాలో పుట్టి వచ్చిన వంశధార ఇక్కడే కుడి, ఎడమ కాలవలకు నీళ్లు పంచుతుంది. ఎడమ కాలవ వంద కిలోమీటర్ల పైచిలుకు నడిచి టెక్కలి, పలాస వైపు పొలాలు తడుపుతుంది.

కాలవ అందం బ్యారేజీ దగ్గర కన్నా ఊళ్ల దగ్గరే ఎక్కువ అని నాకనిపిస్తుంది. దారిలో చిన్న వంతెన కనబడితే బండి పక్కన పెట్టి, పిట్టగోడ మీద ఓ అరగంట కూర్చోండి. తూముల్లోంచి పిల్లకాలవల్లోకి నీళ్లు మళ్లడం, గేదెలు దిగడం, కొంగలు చేలో వాలడం అన్నీ అక్కడే కనిపిస్తాయి. కాలవ నీళ్లు చూసుకునే లస్కరు ఎదురైతే పలకరించండి. ఏ షట్టరు ఎప్పుడు ఎత్తుతారో ఆయన్ని మించి చెప్పేవాళ్లు లేరు. ఆడవాళ్లు బట్టలు ఉతుక్కునే రేవు దగ్గర మాత్రం ఫోన్ జేబులో పెట్టేయండి. వాన పడ్డాక గట్టు మీద బైక్ నడపొద్దు, టైరు జారితే కాలవలోనే. ఈత వచ్చినా నీళ్లలోకి దిగొద్దు. సిమెంటు వాలు నాచు పట్టి ఉంటుంది, పైకి రావడానికి పట్టు దొరకదు.

మడపాం దగ్గర వంశధార దాటే హైవే వంతెన మీద సెల్ఫీ కోసం ఆగకండి, లారీల జోరు మామూలుగా ఉండదు. ఏరు చూడాలంటే శాలిహుండం కొండ ఎక్కండి. అక్కడి బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా వంశధార పక్కదే, శ్రీముఖలింగం దగ్గర. మెట్లెక్కితే ఏరు కొండ పక్క నుంచి సాగిపోతూ కనిపిస్తుంది. నీళ్ల సీసా పట్టుకెళ్లండి.

సాయంత్రానికి కళింగపట్నం చేరండి. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. మొగ దగ్గర ఇసుక తిన్నెలు చూడటానికి బావుంటాయి గానీ స్నానానికి పనికిరావు, లాగుడు ఎక్కువ. సొంత బండి లేకపోతే శ్రీకాకుళానికి చివరి బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకోండి.